హౌన్‌స్లో చిలక, సౌతాల్ జామపండు

మేముండే హౌన్‌స్లోలో పొద్దున్నే రెండు రకాల మోతలు వినిపిస్తాయి. ఒకటి హీత్రూలో దిగే విమానాలది, రెండోది చిలకలది. కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళు విమానాల మోతకి సిద్ధపడే వస్తారు. చిలకల అరుపు వినగానే మాత్రం కిటికీ దగ్గరికి పరుగెత్తుతారు. "ఇదేంటండీ, లండన్‌లో రామచిలకలా!" అని వాట్సాప్ గ్రూపులో ఫొటో పెడతారు. అవును, రామచిలకలే. ఎర్ర ముక్కు, పొడుగు తోక, మగదాని మెడ చుట్టూ నలుపూ గులాబీ కలిసిన పట్టీ. మన పెరట్లో జామచెట్టు మీద వాలే జాతే ఇది.

ఇవి ఇక్కడికెలా వచ్చాయన్నదాని మీద లండన్‌లో బోలెడు కథలున్నాయి. గిటార్ వాయించే జిమీ హెండ్రిక్స్ 1960లలో ఒక జంటని వదిలేశాడని కొందరంటారు. 1951లో వచ్చిన 'ది ఆఫ్రికన్ క్వీన్' సినిమా తీసేటప్పుడు, మా పక్కనే ఉన్న ఐల్‌వర్త్ స్టూడియో నుంచి తప్పించుకున్నాయని ఇంకొందరంటారు. 2019లో లండన్ క్వీన్ మేరీ యూనివర్సిటీ పరిశోధకులు ఈ కథల్ని పరీక్షిస్తే దేనికీ ఆధారం దొరకలేదు. ఇళ్ళలో పెంచుకున్నవే ఎన్నో ఏళ్ళపాటు, ఎన్నో చోట్ల ఎగిరిపోయి స్థిరపడ్డాయన్నదే అసలు సంగతి. వాటి డీఎన్‌ఏ చూస్తే ఎక్కువ భాగం పాకిస్తాన్, ఉత్తర భారతదేశం నుంచి వచ్చినవని తేలింది. 1960ల చివరినుంచీ ఇంగ్లండ్‌లో గూళ్ళు కట్టి పిల్లల్ని చేస్తున్నాయి. ఇప్పుడు వేలల్లో ఉన్నాయి.

బయటున్న ఈ చిలకలకి మన అవసరం లేదు. ఇంట్లో ఉన్న చిలక్కి మాత్రం మనం గిన్నెలో ఏం పెడితే అదే ప్రపంచం. పోయిన ఏడాది జనవరిలో అలాంటి ఒక చిలక మా ఇంటికొచ్చింది. దాని కడుపు కోసం లండన్‌లో నేను తిరిగిన చోట్ల గురించే ఈ నాలుగు మాటలు.

మా పక్కింట్లో ఎనభై దాటిన ఇంగ్లీషు పెద్దావిడ ఒకరుండేవారు. మోకాళ్ళు మొరాయించి కేర్ హోమ్‌కి మారాల్సొచ్చింది. అక్కడ పక్షుల్ని ఉంచుకోనివ్వరు. ఆవిడ చిలక పేరు చార్లీ, వయసు పద్నాలుగు. "మీ పాపకి వాడంటే ఇష్టం కదా" అని ఆవిడ మెల్లిగా అడిగినప్పుడు మావారూ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకుని సరేనన్నాం. పంజరంతో పాటు ఒక పెద్ద డబ్బా నిండా పొద్దుతిరుగుడు గింజలు ఇచ్చారు. వాడి దినచర్య కూడా చెప్పారు. పొద్దున వెన్న రాసిన టోస్టు ముక్క, ఆవిడ కప్పులోంచి రెండు గుక్కల టీ, మిగతా రోజంతా గింజలు. మర్నాడు ఏడింటికి మా హాల్లోంచి అచ్చం ఆవిడ గొంతుతోనే "టోస్ట్?" అని వినబడింది. మా పాప పకపకా నవ్వింది. నాకు మాత్రం ఆ గొంతు వింటే గుండె పట్టేసినట్టయింది.

మామూలు పెట్ డాక్టర్లు కుక్కల్నీ పిల్లుల్నీ చూస్తారు. పక్షులకి వేరే నిపుణులుంటారు. మాకు సర్రీ వైపు కారులో గంట దూరంలో ఒకావిడ దొరికారు. చార్లీని తువ్వాలులో చుట్టి పట్టుకుని నోరు తెరిచి చూపించారు. నోటి పైభాగంలో సన్నటి ముళ్ళలా ఉండాల్సిన కొనలు అరిగిపోయి మొద్దుబారాయి. విటమిన్ ఎ తక్కువైందనడానికి అది గుర్తు. బరువు 158 గ్రాములు. ఈ జాతికి సుమారు 115 నుంచి 140 దాకా ఉంటే చాలు. రక్తపరీక్షలో కాలేయం కూడా ఇబ్బంది పడుతోందని తెలిసింది.

పొద్దుతిరుగుడు పప్పులో దాదాపు సగం బరువు కొవ్వే. విటమిన్ ఎ లేదనే చెప్పాలి, కాల్షియం తక్కువ. చార్లీ కడుపునిండా తింటూనే పద్నాలుగేళ్ళు పస్తున్నాడన్నమాట. మరి గింజలు ఆపేద్దామా అంటే డాక్టర్ చెయ్యి అడ్డంగా ఊపారు. "ఒక్కసారిగా ఆపకండి. తెలియని వస్తువుని చిలక తిండి అనుకోదు. గిన్నె నిండుగా ఉన్నా ఆకలితో చచ్చిపోతుంది" అన్నారు. సరిగ్గా పెంచితే ఈ జాతి ఇరవై, ముప్ఫై ఏళ్ళు బతుకుతుంది. ఉన్న తిండి కొనసాగిస్తే కాలేయం పోతుంది, తొందరపడి మారిస్తే ప్రాణమే పోతుంది. మధ్యలో సన్నటి దారి ఒకటే ఉంది. ఆ దారి ఎలా ఉంటుందో తెలియాలంటే, ఈ జాతి తన ఇష్టానికి వదిలేస్తే ఏం తింటుందో చూడాలనిపించింది నాకు. డిగ్రీలో జువాలజీ చదివిన బుద్ధి మరి!

ఫిబ్రవరిలో బడి సెలవులిచ్చినప్పుడు పాపని తీసుకుని పికడిలీ లైన్‌లో సౌత్ కెన్సింగ్టన్ వెళ్ళాను. మ్యూజియంల మధ్యనుంచి ఎగ్జిబిషన్ రోడ్డు పట్టుకుని పైకి నడిస్తే కెన్సింగ్టన్ గార్డెన్స్ వస్తుంది. లాంగ్ వాటర్ అనే చెరువు ఒడ్డున 1912 నుంచీ నిలబడి ఉన్న పీటర్ పాన్ విగ్రహం ఉంది. ఆ చుట్టుపక్కల చెట్లలో చిలకల గోల. జనం ఆపిల్ ముక్కలూ వేరుశనగలూ పట్టుకుని చేతులు చాపుతుంటే, వచ్చి చేతుల మీదే వాలుతున్నాయి. ఫొటోకి బాగుంటుంది గానీ, పక్షులకి తిండి పెట్టొద్దనే పార్కులవాళ్ళు కోరుతున్నారు. చిలకలు గుంపుగా చేరిన చోట ఇక్కడి చిన్న పిట్టలు తిండి దగ్గరికి రావడం తగ్గుతుందని కూడా పరిశోధనలో తేలింది.

మేం జనాన్ని వదిలేసి చెట్ల కిందికి వెళ్ళి మెడలెత్తి చూస్తూ నిలబడ్డాం. ఆకులింకా రాలేదు. చిలకలు కొమ్మల చివర తలకిందులుగా వేలాడుతూ మొగ్గల్ని తుంచుతున్నాయి. ఒక కొరుకు కొరికి పారేస్తాయి, పక్క కొమ్మకి పోతాయి, దెబ్బలాడుకుంటాయి, మళ్ళీ కొరుకుతాయి. గంటసేపట్లో ఒక్కటి కూడా ఒకచోట కుదురుగా కూర్చుని తినలేదు. "అమ్మా, ఇవి తినేదానికన్నా పారేసేదే ఎక్కువ!" అంది పాప. నిజమే. మొగ్గలు, పూలు, పండ్లు, గింజలు, ఏ కాలానికి ఏది దొరికితే అది తినాలి. దానికోసం మైళ్ళ కొద్దీ ఎగరాలి. బయట చిలక కూడా కొవ్వున్న గింజ తింటుంది. కానీ తిన్నది రెక్కల్లో ఖర్చయిపోతుంది. చార్లీకి ఆ ఖర్చు లేదు. మెతుకు కూడా వెతుక్కోనక్కరలేదు. మార్చాల్సింది గిన్నెలోని పదార్థాన్నే కాదు, అది దొరికే తీరుని కూడా అని నాకు అక్కడే అర్థమైంది.

తర్వాతి మజిలీ సౌతాల్. హౌన్‌స్లో నుంచి 120 నంబరు బస్సెక్కితే తిన్నగా తీసుకెళ్తుంది. స్టేషన్ బోర్డు మీద ఇంగ్లీషుతో పాటు గురుముఖి అక్షరాలుంటాయి. బ్రాడ్‌వేకి చేరేసరికి కూరగాయల కొట్లు రోడ్డు మీదికి పొంగుకొచ్చినట్టుంటాయి. నేను మామూలుగా మా పప్పుచారుకీ పులుసుకీ కొనే కొట్లే. ఆ రోజు మాత్రం చిలక కళ్ళతో చూశాను. విటమిన్ ఎ కోసం ముదురు ఆకుపచ్చవీ, నారింజ రంగువీ కావాలి. వాటిలో ఉండే కెరోటిన్‌ని ఒంట్లోనే విటమిన్ ఎగా మార్చుకోవచ్చు. మునగాకు, మెంతికూర, కొత్తిమీర, క్యారెట్, చిలగడదుంప, ఎర్ర క్యాప్సికం కొన్నాను. పాలకూర అప్పుడప్పుడు మాత్రమే, అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసుకుంటాయి. ఇంకో మూడు జామపండ్లు, ఒక దానిమ్మ, గుప్పెడు పచ్చిమిరపకాయలు.

మాది గుంటూరు జిల్లా. చిలక్కి మిరపకాయ పెట్టడం చిన్నప్పుడు చూసినదే. దానికి కారం ఎందుకు తెలియదన్నది మాత్రం చదువుకున్నాకే తెలిసింది. మిరపలోని క్యాప్సైసిన్ మన నోట్లో వేడిని గుర్తించే గ్రాహకాన్ని తట్టి లేపుతుంది. పక్షుల్లో కూడా ఆ గ్రాహకం ఉంది, కానీ దాని నిర్మాణంలో చిన్న తేడా ఉంది. అందువల్ల క్యాప్సైసిన్‌కి అది పలకదు. 2002లో కోడి గ్రాహకం మీద పనిచేసి ఇది తేల్చిన బృందంలోని డేవిడ్ జూలియస్‌కే, ఆ గ్రాహకాన్ని కనిపెట్టినందుకు 2021లో నోబెల్ వచ్చింది. మనం కళ్ళనీళ్ళు పెట్టుకునే మిరపకాయ చార్లీకి విటమిన్లున్న ఒక కాయ, అంతే.

అదే బల్ల మీద అవకాడోలు కూడా గుట్టగా పోసి ఉన్నాయి. మనకది మంచి ఆహారం. చిలక్కి విషం. అందులోని పర్సిన్ అనే పదార్థం పక్షుల గుండెని దెబ్బతీస్తుంది. ఆ కత్తితో కోసిన ఇంకో పండు కూడా పెట్టకూడదు. ఆపిల్ పెట్టొచ్చు గానీ గింజలు తీసేయాలి. పీచ్, చెర్రీ, ఆప్రికాట్ టెంకలూ అంతే, వాటిలో సైనైడ్‌గా మారే పదార్థాలుంటాయి. చాక్లెట్, కాఫీ, టీ, మద్యం అసలు వద్దు. ఉల్లి, వెల్లుల్లి వద్దు. ఉప్పు వేసినవి, ఊరగాయలు, చిప్స్ వద్దు. పచ్చి రాజ్మా వద్దు. వేరుశనగలకి బూజు పడితే అఫ్లాటాక్సిన్ చేరుతుంది, కాబట్టి మనుషులు తినే నాణ్యతవి, ఉప్పు లేనివి, అదీ ఎప్పుడో ఒకటి. ఈ జాబితా రాసి ఫ్రిజ్ మీద అంటించాను.

ఇక మన వంటిల్లు. పక్షి ఊపిరితిత్తుల్లో గాలి ఒకే దిక్కుగా సాగుతుంది, వెనక గాలి సంచులుంటాయి. డిగ్రీ రికార్డులో పావురానివి బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నాను. ఈ ఏర్పాటు వల్ల గాలిలోని ప్రాణవాయువునే కాదు, విషాన్ని కూడా మనకన్నా త్వరగా పీల్చుకుంటుంది. బ్రిటన్ బొగ్గు గనుల్లో విషవాయువు పసిగట్టడానికి 1986 దాకా కానరీ పిట్టల్ని వాడింది ఇందుకే. నాన్‌స్టిక్ దోసె పెనం పొయ్యి మీద ఖాళీగా మాడితే వచ్చే పొగ మనకి వాసన తెలియకపోయినా, పక్క గదిలోని చిలకని నిమిషాల్లో చంపగలదు. మా ఇంట్లో ఇనప పెనం మళ్ళీ కిందికి దిగింది. అగరుబత్తి, సాంబ్రాణి, సెంటు కొవ్వొత్తులు పంజరమున్న గదిలో వెలిగించం. దేవుడికి నూనె దీపం ఒక్కటే, అదీ వేరే గదిలో. పోపు పెట్టేటప్పుడు వంటింటి తలుపు మూసి కిటికీ తీస్తాను.

మార్చిలో మా అత్తగారు గుంటూరు నుంచి వచ్చారు. దిగిన మర్నాడే పప్పు, నెయ్యి కలిపిన ముద్ద పట్టుకుని పంజరం దగ్గరికి బయల్దేరారు.

"అత్తయ్యా, ఉప్పూ నెయ్యీ వాడికి పడవు" అన్నాను.

"చాల్లే అమ్మాయ్. నోరులేని జీవానికి ముద్ద పెడితే పడదా?"

"టోస్ట్?" అన్నాడు చార్లీ.

అత్తగారు ఒక్క క్షణం ఆగి, "దీనికి నోరు బాగానే ఉందిలే" అని నవ్వేశారు. కూర్చోబెట్టి డాక్టర్ కాగితం చదివి వినిపించాను. పెరుగన్నం పెడదామన్నారు. పక్షులకి పాలలోని లాక్టోజ్ అరగదని చెప్పాను. కాసేపు మౌనంగా ఉండి, "మరి మొలకలో? మా నాయనమ్మ చిలక్కి నానేసిన శనగలే పెట్టేది" అన్నారు. అది డాక్టర్ కూడా మెచ్చిన మాట. మొలకెత్తిన గింజలో కొవ్వు తగ్గి, విటమిన్లు పెరుగుతాయి. పైగా గింజ అలవాటున్న చిలక్కి అది పూర్తిగా కొత్త వస్తువు కాదు. ఆ రోజునుంచి పెసలూ శనగలూ మొలకెత్తించే పని ఆవిడదే. రోజూ రెండుసార్లు కడగడం, జిగురొచ్చినా వాసనొచ్చినా పారేయడం, పెట్టిన రెండు మూడు గంటల్లో తీసేయడం. పరిశుభ్రతలో మా అత్తగారి దగ్గర ఏ ల్యాబూ పనికిరాదు.

మార్పు మొత్తం నాలుగు నెలలు పట్టింది. పొద్దున్నే, బాగా ఆకలిగా ఉన్నప్పుడు, ఆకులూ కూరగాయలూ ముందు పెట్టేదాన్ని. గింజలు మధ్యాహ్నం, సాయంత్రం, కొలిచి. పక్షుల కోసం తయారుచేసే పెల్లెట్లని పొడి చేసి తడి మొలకల మీద చల్లేదాన్ని. వారానికి కాస్త చొప్పున గింజలు తగ్గించి పెల్లెట్లు పెంచాను. మునగాకు రెమ్మని పంజరం పైకప్పుకి కట్టేదాన్ని, తలకిందులుగా వేలాడి పీక్కోవాలని. కాగితం పొట్లాల్లో గింజలు దాచడం పాప పని. రోజూ పొద్దున పిండి తూచే వంటింటి కాటా మీద ఒక కర్ర పెట్టి చార్లీని ఎక్కించి బరువు రాసుకునేవాళ్ళం. చిలకలు జబ్బుని దాచుకుంటాయి, కాటా దాచదు. మొదటి బరువులో పదో వంతు గబగబా తగ్గితే వెంటనే రమ్మన్నారు డాక్టర్.

మొదటి మూడు వారాలు క్యారెట్ వంక చూడను కూడా లేదు. క్యాప్సికం ముక్కని తీసి నేలకేసి కొట్టాడు. ఒక వారంలో ఆరు గ్రాములు తగ్గేసరికి నాకు రాత్రి నిద్రపట్టలేదు. డాక్టర్ సలహాతో ఆ వారం గింజలు మళ్ళీ కాస్త పెంచాం. ఏప్రిల్‌లో ఒకరోజు అత్తగారు పంజరం ఎదురుగా కూర్చుని సౌతాల్ జామపండు కోసుకుని, చప్పరిస్తూ తినడం మొదలుపెట్టారు. చిలకలు గుంపులో తినే జీవాలు, పక్కవాళ్ళు తింటే నమ్ముతాయి. చార్లీ కర్ర చివరికొచ్చి మెడ సాచాడు. ముక్క ఇస్తే కాలితో పట్టుకుని, గుజ్జు అంతా పారేస్తూ గింజలొక్కటే ఏరుకు తిన్నాడు. తర్వాత గుజ్జు కూడా. పద్నాలుగేళ్ళకి వాడు కొట్టిన మొదటి జామపండు! చిలక కొట్టిన పండు తియ్యగా ఉంటుందంటారు కదా, మిగిలిన ముక్క అత్తగారు కళ్ళకద్దుకున్నారు. తినబోతే మాత్రం నేను ఆపాను.

ఇప్పుడు వాడి పళ్ళెంలో సగానికి పైగా పెల్లెట్లు, మిగతాదాంట్లో ఎక్కువ భాగం ఆకులూ కూరగాయలూ మొలకలూ. పండు ఒక చిన్న ముక్క, అందులో చక్కెర ఎక్కువ కదా. పొద్దుతిరుగుడు గింజ చెప్పిన మాట విన్నప్పుడు ఇచ్చే బహుమతి. నీళ్ళు రోజుకి రెండుసార్లు మారుస్తాం. చలికాలంలో ఇక్కడ ఎండ ఉండదు, ఉన్నా కిటికీ అద్దం యూవీబీ కిరణాల్ని రానివ్వదు. మనకే శీతాకాలంలో విటమిన్ డి వేసుకోమని ఎన్‌హెచ్‌ఎస్ చెబుతుంది. చార్లీకి డాక్టర్ సలహాతో పక్షుల దీపం పెట్టాం. ఆగస్టులో బరువు 139 గ్రాములు. రక్తపరీక్ష మెరుగుపడింది. ఈకలు రాలి కొత్తవి వచ్చాక ఆ పచ్చదనం చూసి మేమే ఆశ్చర్యపోయాం.

సెప్టెంబరులో కేర్ హోమ్‌కి వెళ్ళి పెద్దావిడకి వీడియో చూపించాను. "ఎంత మెరుస్తున్నాడో!" అని కళ్ళు తుడుచుకున్నారు. "పొద్దున టోస్టు తింటున్నాడా?" అని అడిగారు. ఇప్పుడు వాడికి ఆకులు నచ్చుతున్నాయని మాత్రం చెప్పాను. ఆవిడ పెట్టిన ప్రతి ముక్కా ప్రేమతోనే పెట్టారు. ఆ ప్రేమని నేను లెక్కల్లోకి దించి ఆవిడకి అప్పజెప్పక్కర్లేదు. వీడియో చివర చార్లీ ఒక కొత్త మాటన్నాడు. అదేంటని అడిగారావిడ. "తిన్నావా?" అని మా అత్తగారు పొద్దస్తమానం అడిగే మాట. అర్థం చెబితే, "నా టోస్టు లాంటిదేనన్నమాట" అన్నారు.

ఊళ్ళో బంధువులు ఇదంతా విని, మేమూ ఒక చిలకని పెంచుకుంటామంటున్నారు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం రామచిలకని పట్టడం, అమ్మడం, పంజరంలో ఉంచడం నేరం. అక్కడ ఒక జామచెట్టు వేస్తే చాలు, అవే వస్తాయి. ఇక్కడ పంజరాల్లో పుట్టినవాటిని పెంచుకోవచ్చు గానీ, 1981 చట్టం ప్రకారం బయటికి వదలకూడదు. అంటే తెచ్చుకున్నాక ముప్ఫై ఏళ్ళ బాధ్యత. తెచ్చుకునే ముందు పక్షుల డాక్టర్ ఎంత దూరంలో ఉన్నారో, మీ పెనం ఏదో, మీ తర్వాత దాన్ని ఎవరు చూస్తారో ఆలోచించండి.

చిలకల్ని చూడాలని మాత్రమే ఉంటే, లండన్ వచ్చినప్పుడు ఫిబ్రవరి చివర ఒక పొద్దున కెన్సింగ్టన్ గార్డెన్స్‌కి వెళ్ళండి. పిల్లల్ని తీసుకెళ్ళండి. చేతుల్లో ఏమీ పట్టుకెళ్ళకండి. వాటి తిండి అవే చూసుకుంటాయి.